మన ఇంటి పేర్లు: ఊరు, చెట్టు, మనిషి



పోయిన నెలలో ఒక యువజంట తమ బిడ్డ జ్ఞానస్నానం విషయమై మా విచారణ కార్యాలయానికి వచ్చారు. పుస్తకం తెరిచి బిడ్డ పేరు అడిగాను. చెప్పారు. "ఇంటి పేరు?" అన్నాను. తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంటి పేరు రాయొద్దు ఫాదర్. అది వినగానే మా కులం ఏమిటో ఆరా తీస్తారు. నేను పడ్డది చాలు, వీడికి వద్దు" అన్నాడు. తల్లి తల వంచుకొని కూర్చుంది. నా చేతిలో కలం ఆగిపోయింది.

"మీ ఇంటి పేరేమిటి ఫాదర్?" అని నన్నూ అడుగుతుంటారు. కొందరు చుట్టరికం కలుపుకోవడానికి అడుగుతారు. కొందరు అడిగేది వేరే సంగతి. అందువల్ల ఆ తండ్రి బాధ నాకు కొత్త కాదు. ఇంతకీ ఇంటి పేరు అంటే ఏమిటి? అది ఎక్కడి నుండి వస్తుంది? అది మనల్ని గురించి ఏం చెబుతుంది, ఏం చెప్పదు? ఈ వారం తెలుసుకుందాం.

ఐదుగురు అగ్రపీఠాధిపతులు, ఐదు ఇంటి పేర్లు

దూరం వెళ్ళనక్కరలేదు. 1953లో హైదరాబాదు అగ్రపీఠమైంది. అప్పటి నుండి దానిని పాలించిన వారి పేర్లు వరుసగా చూడండి: గోపు జోసెఫ్ మార్క్, సామినేని అరుళప్ప, మారంపూడి జోజి, తుమ్మ బాల, పూల ఆంథోని. ఈ ఐదు పేర్లలోనే తెలుగు ఇంటి పేర్లు పుట్టే దారులు చాలావరకు కనిపిస్తాయి.

మొదటి దారి మనిషి. గోపు అనే మాట గోపన్న, గోపయ్య వంటి పేర్లకు దగ్గరగా వినిపిస్తుంది. సామినేనిలో ఈ సంగతి ఇంకా స్పష్టం. 'నాయుడు' అనే మాట 'నాయని' అయి, వాడుకలో 'నేని' అయింది. సామినేని అంటే సామినాయుని వారు అని అర్థం. ఎప్పుడో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన పేరే ఆ ఇంటికి నిలిచిపోయింది.

రెండవ దారి ఊరు. మారంపూడి చివరనున్న 'పూడి' ఊరి పేర్లలో వచ్చే మాట. తెలుగులో ఊరి పేరు ఇంటి పేరుగా మారేటప్పుడు చాలాసార్లు దాని చివర కొంచెం మారుతుంది. పాడు 'పాటి' అవుతుంది, ఊరు 'ఊరి' అవుతుంది, వరం 'వరపు' అవుతుంది. 1940లో గుంటూరు తొలి పీఠాధిపతియై, 1942లో బెంగుళూరు వెళ్ళిన తోమాసు గారి ఇంటి పేరు పోతకమూరి. 2012లో విశాఖపట్నం అగ్రపీఠాధిపతియైన ప్రకాశ్ గారి ఇంటి పేరు మల్లవరపు. ఆ చివరి అక్షరాలు 'ఫలానా ఊరి వారు' అని చెబుతున్నాయి. సాధారణంగా ఇలాంటి పేరు ఆ ఊరు విడిచి వెళ్ళిన వారికే వస్తుంది. ఊళ్ళో అందరూ ఆ ఊరివారే అయినప్పుడు ఆ పేరుతో ఒకరిని గుర్తుపట్టడం ఎలా? అంటే ఊరి పేరున్న ప్రతి ఇంటి వెనుకా ఒక వలస ఉందనుకోవచ్చు.

మూడవ దారి చెట్టూ పువ్వూ. తుమ్మ, పూల అనేవి అందరికీ తెలిసిన మాటలు. చింతల, మామిడి, రావి కూడా ఇలాంటి ఇంటి పేర్లే. తుమ్మచెట్టుకు ముళ్ళుంటాయని పిల్లలు నవ్వవచ్చు. కాని నల్లతుమ్మ కర్రతోనే మన రైతులు నాగళ్ళూ బండి చక్రాలూ చేయించుకున్నారు. నిర్గమకాండం 25వ అధ్యాయం తీసి చూడండి. దేవుని ఒడంబడిక మందసాన్ని ఏ కర్రతో చేయమన్నాడో చదివితే, తుమ్మ అనే పేరున్నవారు తలెత్తుకొని తిరుగుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మాట అర్థం వేరు, వంశం కథ వేరు. 'పూల' అంటే ఏమిటో నిఘంటువు చెబుతుంది. ఆ ఇంటికి ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పవలసింది ఆ ఇంటి పెద్దలు. పెద్దలు పోతే ఆ కథా పోతుంది.

పుస్తకాలలోకి ఎక్కిన పేర్లు

ఈ అలవాటు మనకు మాత్రమే ఉన్నది కాదు. జర్మను మాట్లాడే స్విట్జర్లాండు ప్రాంతంలో తరచుగా వినిపించే ముల్లర్ అనే ఇంటి పేరుకు పిండిమర నడిపేవాడని అర్థం. స్విస్ పౌరుని పాస్‌పోర్టులో పుట్టిన ఊరికి బదులు అతని వంశానికి పౌరసత్వమున్న ఊరి పేరు ఉంటుంది. మన 'ఫలానా ఊరి వారు' వంటిదే అదీను. ఆ దేశంలోని జూరిచ్ నగరం 1526లోనే జ్ఞానస్నానాల పుస్తకం ఏర్పాటు చేసింది. కతోలిక లోకంలో 1563లో త్రెంతు మహాసభ విచారణ గురువులు వివాహాల పుస్తకం ఉంచాలనీ, జ్ఞానస్నాన పుస్తకంలో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు రాయాలనీ శాసించింది. ఇలా పుస్తకాలలోకి ఎక్కిన తర్వాత ఐరోపాలో ఇంటి పేర్లు మరింత స్థిరపడ్డాయి.

మన సికింద్రాబాదు 1806లో దండు స్థావరంగా ఏర్పడిన ఊరు. తెలుగువారు, తమిళులు, గోవావారు, ఆంగ్లో ఇండియనులు ఒకే గుడిలో మోకరించారు. అందరి పేర్లూ ఒకే పుస్తకంలోకి వచ్చాయి. పొడి అక్షరం దగ్గర మాత్రం తికమక ఉంది. తమిళుని పేరు ముందున్న 'ఎస్' సాధారణంగా తండ్రి పేరుకు గుర్తు. తెలుగువాని పేరు ముందున్న 'ఎస్' ఇంటి పేరుకు గుర్తు. ఒక్క అక్షరంతో సరిపెట్టుకున్న కుటుంబాలలో, మనవలకు ఆ అక్షరం వెనుకనున్న పేరేమిటో తెలియడం లేదు. పిల్లలు పై చదువులకు విదేశాలకు వెళ్ళేటప్పుడు ఒక్కో కాగితంలో ఒక్కో విధంగా పేరుండి, మా దగ్గరికి పరుగెత్తుకొని వస్తారు. పేరు పూర్తిగా రాయించండి.

పెళ్ళి మాటల్లోనూ ఇంటి పేరు తప్పుదారి పట్టిస్తుంది. ఇంటి పేరు ఒకటే అయితే అన్నాచెల్లెళ్ళ వరస అంటాం. కాని తిరుసభ చట్టం చూసేది రక్తసంబంధాన్ని. మేనమామ కూతురి ఇంటి పేరు వేరు. అయినా అది దగ్గరి రక్తసంబంధం, ఆ వివాహానికి పీఠం నుండి సడలింపు కావాలి.

జ్ఞానస్నానపు పేరు

ఇంటి పేరు పక్కన ఒంటి పేరు ఉంది. సామినేని అరుళప్ప గారి పేరే తీసుకోండి. తమిళ కతోలికులు యోహానును అరుళప్పర్ అన్నారు. అరుళ్ అంటే కృప. యోహాను అనే హెబ్రీ పేరుకూ దేవుడు కృప చూపాడనే అర్థం. తెలుగు పెద్దాయన పేరూ, యూదయ నుండి తమిళదేశం మీదుగా వచ్చిన పేరూ ఒకే మనిషిలో కలిశాయి. ఒకటి రక్తం ఇచ్చింది, ఒకటి నీళ్ళు ఇచ్చాయి.

లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఆ యోహానుకు పేరు పెట్టిన రోజు గుర్తుందా? మీ వంశంలో ఈ పేరుగలవారు లేరే అని బంధువులు అడ్డుపడ్డారు. తల్లి వినలేదు. తండ్రి పలక అడిగి మరీ రాశాడు. వంశం గొప్పదే. కాని బిడ్డకు విలువ వంశం ఇచ్చింది కాదు.

ఇంటి పేరు కొలబద్ద కాదు

'ఇంటి పేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు' అని సామెత. మన పెద్దలకు తెలిసిన ఈ మాట మనం మరచిపోతున్నాం. ఇంటి పేరుతో మనిషిని తూచడం తప్పు. అది కుదరదు కూడా. ఒకే ఇంటి పేరు నాలుగు కులాలలో కనబడుతుంది. చెట్టు నీడ ఏ ఒక్కరి సొత్తు? ఒక ఊరు విడిచిన వాళ్ళంతా ఒకే కులంవాళ్ళా?

2022 ఆగస్టు 27న పూల ఆంథోని గారు కార్డినలు అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు. దళిత కుటుంబం నుండి వచ్చినవారిలోనూ ఆయనే మొదటివారు. మనం చప్పట్లు కొట్టాం, దండలు వేశాం. మంచిదే. ఆ దండలు వేసిన చేతులతోనే పెళ్ళి సంబంధం దగ్గర, పెద్దల ఎన్నిక దగ్గర ఇంటి పేరు ఆరా తీస్తే, ఆ చప్పట్లకు అర్థమేమిటి?

ఇక ఆ యువజంట సంగతి. బిడ్డ పేరు వారు కోరినట్లే రాశాను. పుస్తకంలో తల్లిదండ్రుల పేర్లు రాయడం కూడా తిరుసభ చట్టమే. ఆ గడి దగ్గర తండ్రిని చూశాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, తన పేరు ఇంటి పేరుతో సహా నెమ్మదిగా చెప్పాడు. భార్య పుట్టింటి పేరు కూడా చెప్పమన్నాను. ఆమె తలెత్తి చెప్పింది. రేపు ఆ బిడ్డ పెద్దవాడై అడిగితే, వాడి పెద్దలెవరో మా పుస్తకం చెబుతుంది. ఆ పేరు చెప్పుకోవడానికి వాడు భయపడవలసిన అవసరం లేకుండా చేయడం మాత్రం పుస్తకం చేతిలో లేదు. అది మన చేతిలో ఉంది.

ఈ వారం ఇంట్లో: సాయంకాలం జపమాల తర్వాత తాతయ్యనో అమ్మమ్మనో మీ ఇంటి పేరు కథ అడగండి. అమ్మ పుట్టింటి పేరు పిల్లల చేత రాయించండి. కొత్తగా వచ్చిన పొరుగువారిని పలకరించేటప్పుడు ముందు వారి సొంత పేరు అడిగి, ఆ పేరుతోనే పిలవండి.