నెట్‌వర్కు కనిపెట్టిన యంత్రముల పట్టిక: దాని ప్రక్షాళనము

పాఠశాలలోగాని కార్యాలయములోగాని గల కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు మొదలగువాని లెక్క వ్రాయుటకు రెండు మార్గములు గలవు. గుమాస్తా గదిగదికిని దిరిగి వ్రాయుట మొదటిది. నెట్‌వర్కుచేతనే కనిపెట్టించుట రెండవది. ఈ రెండవ పద్ధతిలో నొక ప్రోగ్రాము నియమిత వేళలందు ఒక్కొక్క చిరునామాకు బిలుపు పంపును. పలికిన యంత్రమును పట్టికలో జేర్చి, దానిని కడపట జూచిన తేదీని వ్రాయును. చేర్చుట దానంతట జరిగిపోవును. తీసివేయుటకు మాత్రము మనము నియమము విధింపవలెను. ఆ నియమ మెట్లుండవలెనో విచారింతము.

తీసివేయకున్న నష్టము. 2017 మే నెలలో వానాక్రై యను హానికరమైన ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లను గూడ బట్టుకొనెను. దానికి విరుగుడైన దిద్దుబాటును మైక్రోసాఫ్టు కంపెనీ ఆ మార్చి నెలలోనే విడుదల చేసియుండెను. మందున్నంత మాత్రమున జాలదు. ఏ యంత్రమునకు మందు వేయలేదో తెలియవలెను. నూరు పద్దులలో నలువది ఎన్నడో పోయిన యంత్రములవే యైనచో, మందు పడని సజీవయంత్రము ఆ గుంపులో దాగిపోవును. యంత్రమున కింతయని రుసుము చెల్లించు ప్రోగ్రాములకు వ్యర్థవ్యయమును గలుగును.

తొందరపడి తీసివేసిన నష్టము. పద్దుతోపాటు కొన్న తేది, గ్యారంటీ గడువు, ఎవరి యధీనమున నున్నదను వివరము నశించును. దొంగిలింపబడిన యంత్రము పట్టికనుండియు మాయమైనచో, పోయినదన్న సంగతియే యెవరికిని దెలియదు. కాబట్టి విద్యార్థులారా, పలుకకపోవుట వేరు, లేకపోవుట వేరు అను సూత్రమును జ్ఞాపక ముంచుకొనుడు.

మన ఆగిరిపల్లినే ఉదాహరణముగ దీసికొందము. ముప్పది దినములు పలుకని యంత్రమును దీసివేయుమని నియమ ముంచితి మనుకొనుడు. బడి ఏప్రిల్ చివర మూయబడి జూన్ రెండవ వారమున దెరువబడును. ఆ ఏడు వారములును కంప్యూటరు గదికి దాళమే. పునఃప్రారంభ దినమున జూడగా పట్టిక శూన్యము! మామిడికాయల వ్యాపారి లెక్కల కంప్యూటరు సంగతి ఇంకను విచిత్రము. కాపుకాలమున రేయింబవళ్లు పనిచేసి, తరువాత మరల పూత వచ్చి కాయ దిగువరకు అది మూలబడియుండవచ్చును. ఒక యేడు కాపు లేదని చిన్నరసాల చెట్టును నరుకు రైతు మన ప్రాంతమున లేడు గదా!

దీనికి వ్యతిరేకమైనది అతిథుల చేతిఫోను. ప్రతి యంత్రమునకు నెట్‌వర్కుభాగములో 48 బిట్ల గుర్తింపుసంఖ్య యొకటి యుండును. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 మొదలుకొని ఫోనులు అసలు సంఖ్యకు బదులు కల్పితసంఖ్యను జూపుచున్నవి. ఆ సంఖ్య మారినప్పుడెల్ల ఒకే ఫోను క్రొత్త పద్దుగ బుట్టును. ఇట్టివానిని వారము దినములకన్న నెక్కువ యుంచుట యనావశ్యకము.

కావున ఈ నియమములు గ్రహింపదగినవి:

1. అన్నిటికి నొకే గడువు పెట్టరాదు. ఒక్కొక్క జాతి యంత్రము సహజముగ నెంతకాలము మౌనముగ నుండునో చూచి, అంతకన్న దీర్ఘమైన గడువు పెట్టవలెను.

2. గడువు దాటగనే తుడిచివేయరాదు. మొదట “కనబడుటలేదు” అని గుర్తు పెట్టవలెను. పిమ్మట నెవరైన బోయి కన్నులార జూడవలెను. ఆపై పద్దును ప్రత్యేకపు జాబితాలోనికి మార్చవలెను. తుడిచివేయుట కడపటి పని.

3. పిలుచు ప్రోగ్రామే చెడి, అందరును ఒక్కసారి మౌనము వహించినట్లు కనబడవచ్చును. ఒకేదినమున పెక్కు పద్దులు తొలగనున్నచో పని తనంతట నాగునట్లు కట్టడి చేయవలెను.

4. నెట్‌వర్కు చిరునామా నేడు ఒకరిది, రేపు వేరొకరిది. దానినిబట్టి యంత్రమును గుర్తింపరాదు. యంత్రముపై దయారుచేసినవారు వేసిన క్రమసంఖ్యయే మేలు.

5. పద్దు వేరు, దినచర్య చిట్టా వేరు. భారతప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న నిచ్చిన యాదేశము ప్రకారము కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు మొదలగునవి తమ కంప్యూటరు చిట్టాలను 180 దినములు భద్రపరుపవలెను. పద్దును దీసివేయునప్పుడు చిట్టా చెడకుండ జూడవలెను.

6. తీసివేసిన ప్రతి పద్దునకు తేది, కారణము, అనుమతించినవారి పేరు వ్రాసియుంచవలెను.

అభ్యాసము: మీ యింటి వైఫైకి గలిసిన వస్తువులను తలిదండ్రుల యనుమతితో రౌటరు పట్టికలో జూడుడు. ప్రతి పేరునకు ఎదురుగ ఆ వస్తువెక్కడ నున్నదో వ్రాయుడు. గుర్తు పట్టజాలని పేరున్నచో వెంటనే తొలగింపక, ఇంటివారందరి నడుగుడు. ఎవరిదియు గానిచో తలిదండ్రులకు జెప్పి రహస్యపదమును మార్పించుడు. ఈ పని చేసినవారికి పై నియమములలో రెండవదాని విలువ తేటపడును.