మోడల్ పక్కన యాడ్‌వెర్బ్ ఎక్కడ?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ఎస్‌ఎస్‌సీకి చదువుతున్న తెలుగు పిల్లలు తరచూ తడబడే చోటిది. 'ద ట్రైన్ విల్ ప్రాబబ్లీ బి లేట్': యాడ్‌వెర్బ్ మామూలుగా 'విల్' లాంటి మోడల్ తర్వాతే వస్తుంది. 'వోంట్' ఉంటే మాత్రం ముందుకు జరుగుతుంది: 'ఇట్ ప్రాబబ్లీ వోంట్ స్టాప్ హియర్'. 'మస్ట్ హావ్ ఆల్రెడీ లెఫ్ట్'లో ఆల్రెడీ స్థానం 'హావ్' తర్వాత. 'కుడ్ పాసిబ్లీ' అంటే బహుశా కావచ్చు. 'కాంట్ పాసిబ్లీ' అంటే ఎంతమాత్రం కుదరదు. ఎక్కువమంది మార్కు పోగొట్టుకునేది ఇక్కడే.

'ఖరగ్‌పూర్ కెన్ నో లాంగర్ క్లెయిమ్ ద రికార్డ్': ఈ వాక్యం వ్యాకరణానికీ, జీకేకీ పనికొస్తుంది. మన ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. పాత గైడ్లు ఇంకా దీన్నే ప్రపంచంలో అతి పొడవైన ప్లాట్‌ఫాం అంటుంటే నమ్మకండి. 2023 మార్చిలో ప్రారంభమైన కర్ణాటకలోని హుబ్బళ్లి ప్లాట్‌ఫాం పొడవు 1,507 మీటర్లు.