పొలం అమ్మి అమెరికాలో మొబైల్ హోమ్ పార్క్ కొనొచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి స్నేహితులతో కలిసి మొబైల్ హోమ్ పార్క్ కొంటానంటున్నాడు. ఇక్కడి పొలం అమ్మి డబ్బు పంపమంటున్నాడు. పంపొచ్చా?
– ఒక రైతు, జలదంకి

జవాబు: ముందు ఆ వ్యాపారమేంటో చూడండి. అక్కడ స్థలం పార్కు యజమానిది. ఇల్లు చాలావరకు కాపురమున్నవాళ్లది. స్థలానికి నెలనెలా అద్దె కడతారు. పేరుకు కదిలే ఇల్లేగానీ, కదిలించాలంటే వేల డాలర్లవుతాయి. అందుకే అద్దె పెంచినా వెళ్లిపోలేరు. అమ్మేవాళ్లు దీన్నే లాభంగా చూపిస్తారు. నేనొప్పుకోను. అక్కడుండేది ఎక్కువగా చిన్న ఆదాయాలవాళ్లు, పింఛనుతో బతికే పెద్దవాళ్లు. వాళ్లను పిండి సంపాదించే లెక్కయితే మీవాణ్ణి వద్దనండి.

ఇక నీళ్ల సంగతి అడగండి. మున్సిపాలిటీ నీళ్లా, సొంత బోరా? మురుగు ఎక్కడికి పోతుంది? సొంత బోరు, సెప్టిక్ ట్యాంకులు, భూమిలో పాత పైపులు ఉంటే ఒక్క పెద్ద మరమ్మతుకే ఏడాది రాబడి పోవచ్చు. బోరును నమ్ముకుంటే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇళ్లు కూడా పార్కువే అయితే కప్పు కారినా మీవాడే బాగుచేయించాలి. 1976 జూన్ 15కు ముందు తయారైన ఇళ్లకు అప్పు, బీమా దొరకడం కష్టం. ఇక మీవాడిది హెచ్1బి వీసా అయితే డబ్బు పెట్టడం వేరు, పార్కు పనులు తానే చూసుకోవడం వేరు. ముందే లాయరును అడగాలి.

ఇక డబ్బు పంపడం సంగతి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లదాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం పన్ను ముందుగా వసూలు చేస్తుంది. దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

పొలం మొత్తం మాత్రం అమ్మకండి. మూడేళ్ల అద్దె లెక్కలు, నీటి పరీక్ష కాగితాలు చేతికొచ్చాకే బేరం మాట ఎత్తండి.