టిక్కెట్టు లేని ప్రయాణము

రైలుబండి మనుష్యులను ఒక ఊరినుండి మఱియొక ఊరికి చేరవేయు యంత్రము మాత్రమే కాదు. ఒకరి నొకరు ఎఱుగని వేలకొలది జనుల నడుమ కుదిరిన ఒక ఒప్పందము కూడ. ప్రయాణికుడు తాను పోవు దూరమునకు తగిన రుసుము చెల్లించును. రైల్వేవారు అతనిని క్షేమముగా గమ్యస్థానమునకు చేర్చుదురు. ఈ ఒప్పందమునకు గుర్తు టిక్కెట్టు. చూచుటకు అది చిన్న కాగితపు ముక్క. కొందఱి విషయమున నేడు సెల్‌ఫోనుపై కనబడు నాలుగు పంక్తులు. ఐనను దానిని కొన్నవానికి బండిలో ప్రయాణించు హక్కు కలుగును. కొననివాడు ఎంతటి ధనవంతుడైనను, ఎంతటి విద్యావంతుడైనను, ఆ బండిలో దొంగవలె ఒదిగి యుండవలసినదే.

భారతదేశమున మొట్టమొదటి ప్రయాణికుల బండి 1853వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన బొంబాయిలోని బోరీబందరునుండి ఠాణాకు నడచెను. ఆ దూరము 34 కిలోమీటర్లు. అంతకు పూర్వమే ఇంగ్లండులో రైళ్లు నడచుచుండెను. అచట తొలిదినములలో టిక్కెట్లను చేతితో వ్రాసి ఇచ్చెడివారు. ఒక్కొక్కరికి వ్రాసి ఇచ్చుటకు చాల కాలము పట్టెడిది. వసూలైన సొమ్మునకు సరియైన లెక్కయు తేలెడిది కాదు. ఈ చిక్కును గమనించిన థామస్ ఎడ్మండ్‌సన్ అను స్టేషను మాస్టరు చిన్న అట్టముక్కలపై వరుససంఖ్యలు అచ్చువేయించి, వానిపై తేదీని ఒత్తు యంత్రమును కల్పించెను. ఎన్ని టిక్కెట్లు అమ్ముడుపోయినవో ఆ సంఖ్యలే చెప్పును. ఆ అట్ట టిక్కెట్లు భారతదేశమునకును వచ్చి, కంప్యూటరులు వచ్చువఱకు చిరకాలము వాడుకలో నుండెను. కాబట్టి టిక్కెట్టు ప్రయాణికుని బాధించుటకు పుట్టినది కాదు. లెక్క తప్పకుండుటకు పుట్టినది.

ఈ లెక్కను తప్పించుకొన జూచువారు పలువిధములుగ నుందురు. కొందఱు టిక్కెట్టే కొనరు. కొందఱు ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొని, ఎవరినో సాగనంప వచ్చినవారివలె లోనికి వచ్చి, బండి కదలు వేళ ఎక్కి కూర్చుందురు. కొందఱు దగ్గఱి ఊరికి టిక్కెట్టు కొని దూరపు ఊరివఱకు పోవుదురు. తక్కువ తరగతి టిక్కెట్టుతో పై తరగతి పెట్టెలో ఎక్కువారును, ఇతరుల పేరనున్న సీజను టిక్కెట్టు చూపువారును గలరు. పన్నెండేండ్లు దాటిన పిల్లవానికి అర టిక్కెట్టు కొను తండ్రులును లేకపోలేదు.

వీరందఱును చెప్పు సమాధానము ఒక్కటే. “బండి ఎట్లును పోవుచున్నది గదా! ఒక మనిషి ఎక్కినంత మాత్రమున దానికి బరువగునా?” అని వారందురు. ఈ మాట వినుటకు యుక్తముగనే తోచును. కాని స్లీపరు పెట్టెలో పరిమితమైన సంఖ్యలో పడకలు మాత్రమే యుండును. టిక్కెట్టు లేనివాడు ఒక మూల ఆక్రమించెనేని, సొమ్ము చెల్లించిన ముసలివాడొకడు ఒదిగి కూర్చుండవలసి వచ్చును. ఇది యొక నష్టము. రెండవ నష్టము కంటికి కనబడనిది. ప్రయాణవ్యయములో సగటున 57 శాతము మాత్రమే రుసుముల ద్వారా రాబట్టబడుచున్నదని ఇటీవలి సంవత్సరములలో రైలు టిక్కెట్లపైననే అచ్చువేసిరి. అనగా టిక్కెట్టు కొన్నవాని ప్రయాణమునకు సైతము మిగిలిన సొమ్ము వేఱొకచోటినుండి రావలసియున్నది. ఇక కొననివాని భారమంతయు ఇతరులపై పడుననుటలో సందేహము లేదు.

పట్టుబడినవానికి ఏమి సంభవించును? ఈ విషయమున భారత పార్లమెంటు 1989లో చేసిన రైల్వేల చట్టము స్పష్టముగా మాటాడుచున్నది. 1890 నాటి పాత చట్టమునకు బదులుగా వచ్చిన ఈ చట్టము రెండు విధములైన మనుష్యులను వేఱుపఱచి చూచినది. ఒకడు ఏ కారణముచేతనో తగిన టిక్కెట్టు లేక పట్టుబడినవాడు. రెండవవాడు మోసగించు తలంపుతోనే ఎక్కినవాడు.

మొదటివాడు తాను ప్రయాణించిన దూరమునకు రుసుమును, దానిపై అదనపు సొమ్మును చెల్లించవలయును. ఆ అదనపు సొమ్ము రుసుమునకు సమానముగ నుండవలయును, లేదా చట్టము నిర్ణయించిన కనీసపు మొత్తము కావలయును. ఈ రెండింటిలో ఏది ఎక్కువైన అది. ఆ కనీసపు మొత్తమును 2004లో 50 రూపాయలనుండి 250 రూపాయలకు పెంచిరి. బాపట్లలో ఎక్కి విజయవాడకు పోవు విద్యార్థి యొకడు 40 రూపాయల టిక్కెట్టు కొనక పట్టుబడెననుకొన్నచో, అతడు 40 రూపాయల రుసుమును, 250 రూపాయల అదనపు సొమ్మును, వెరసి 290 రూపాయలు చెల్లించవలయును. నలుబది మిగుల్చుకొనబోయి రెండువందల తొంబది పోగొట్టుకొనుట ఏ లెక్కలో లాభమగును?

అంతటితోను తీరదు. తాను బాపట్లలోనే ఎక్కితినని అతడు నమ్మించలేకపోయెనేని, బండి మొదట బయలుదేరిన స్టేషనునుండి రుసుము లెక్కకట్టుదురు. బండి చెన్నైనుండి వచ్చుచున్నచో చెన్నైనుండియే రుసుము. నడుమ ఎచటనైన టిక్కెట్లు తనిఖీ జరిగియున్నచో ఆ చోటినుండి లెక్కింతురు. అడిగిన సొమ్ము చెల్లించనివానిని బండినుండి దింపవచ్చును. లేదా మేజిస్ట్రేటు ఎదుట నిలుపవచ్చును. అచటను చెల్లించనిచో పది దినములకు తగ్గక, ఒక మాసమునకు మించక కారాగారవాసము విధించుటకు ఆ చట్టము వీలు కల్పించినది.

ఇక మోసగించు తలంపుతో ఎక్కినవాని సంగతి వేఱు. వాడిన టిక్కెట్టునే మరల వాడ జూచినవాడును ఈ కోవలోనివాడే. అట్టివానికి ఆఱు మాసముల వఱకు కారాగారము గాని, వేయి రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని 1989 చట్టము చెప్పినది. ప్రత్యేక కారణములు లేనిచో జరిమానా 500 రూపాయలకు తగ్గరాదనియు నియమించినది.

చట్టము కఠినమైనదే గాని దయలేనిది కాదు. పురుషుల తోడు లేని స్త్రీని గాని బాలుని గాని టిక్కెట్టు లేదను కారణమున ఎచటబడిన అచట దింపరాదు. వారు బయలుదేరిన స్టేషనునందో, జంక్షనునందో, బండి చివరి స్టేషనునందో, జిల్లా కేంద్రమునందో, అదియు పగటివేళ మాత్రమే దింపవలయును. నిర్జనమైన చిన్న స్టేషనులో అర్ధరాత్రి ఒక ఆడుదానినో పసివానినో విడిచిపోవుట ఎంతటి క్రౌర్యమో చట్టము చేసినవారు ఎఱిగిరి. అట్లే 18 ఏండ్లు నిండనివారు తప్పు చేసినచో వారిని చెరసాలకు పంపరాదు. 2015 నాటి బాలన్యాయ చట్టము ననుసరించి వారి విషయమును బాలన్యాయ మండలి విచారించును. ఐనను తల్లిదండ్రులు అచటికి రావలయును, తలవంచుకొని నిలువవలయును. ఆ దినమున ఇంటిలో పొయ్యి వెలిగినను అన్నము సహింపదు.

అన్నింటికంటె గమనింపదగిన దయ మఱియొకటి కలదు. పరుగుపరుగున స్టేషనుకు వచ్చి, టిక్కెట్టు కొనుటకు వ్యవధి లేక చిక్కుబడినవాడు ఏమి చేయవలయును? అతడు ముందుగనే రైల్వే ఉద్యోగిని కలిసి తన స్థితిని తెలుపవలయును. ఆ ఉద్యోగి అనుమతించినచో, తరువాత రుసుము చెల్లించు నియమముపై ప్రయాణము చేయనిచ్చినట్లు పత్రము వ్రాసియిచ్చును. ఆ పత్రము చేతనున్నవానినుండి అదనపు సొమ్ము వసూలు చేయరు. ఇద్దఱికిని టిక్కెట్టు లేదు. ఒకడు ముందుగా చెప్పెను, ఒకడు దాగెను. చెప్పినవాడు రుసుము మాత్రమే చెల్లించి నిశ్చింతగా కూర్చుండెను. దాగినవాడు ప్రతి స్టేషనులోను నల్లకోటు కనబడినప్పుడెల్ల ఉలికిపడెను. చట్టము శిక్షించునది ఖాళీ జేబును కాదు, దాపఱికమును.

దాపఱికము ఒక తప్పుతో నిలువదు. తనిఖీ అధికారి వచ్చుచున్నాడని తెలిసినంతనే కొందఱు మెట్లపై వ్రేలాడుదురు. కొందఱు గొలుసు లాగి దిగి పాఱిపోవుదురు. కొందఱు ప్లాట్‌ఫారము లేని వైపున దూకి పట్టాలు దాటుదురు. మెట్లపై ప్రయాణించుటయు, తగిన కారణము లేక గొలుసు లాగుటయు, పట్టాలపై అక్రమముగా సంచరించుటయు వేర్వేఱు నేరములు. నేరముల మాట అటుండ, పక్క పట్టాలపై వచ్చు బండికి వీడు టిక్కెట్టు కొన్నవాడా కొననివాడా అను విచారణ యుండదు. కొలది రూపాయలకై ప్రాణము పణముగా పెట్టుటకంటె అవివేకము వేఱొకటి లేదు.

పెరిగి పెద్దయైన పిమ్మట కూడ ఈ తప్పు మనిషిని వెంటాడవచ్చును. ప్రభుత్వోద్యోగమునకు ఎన్నికైనవారు నింపవలసిన పత్రములలో, ఎన్నడైన అరెస్టయితివా, న్యాయస్థానమున జరిమానా పడెనా అను ప్రశ్నలుండును. యౌవనమున వేడుకకై చేసిన పనికి ఆనాడు సమాధానము వ్రాయవలసి వచ్చును. ఉన్నదానిని దాచినచో ఆ దాచుటయే ఉద్యోగము పోవుటకు చాలిన కారణము కావచ్చును.

అర టిక్కెట్టు విషయమున ఇట్టి సందర్భమొకటి తలచుకొనదగినది. ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని విజయవాడనుండి రాజమహేంద్రవరమునకు బయలుదేరెను. బాలునికి పదుమూడేండ్లు, కాని మనిషి పీలగా, పొట్టిగా నుండెను. తండ్రి అర టిక్కెట్టు కొని, “ఎవరైన అడిగినచో పదునొకండేండ్లని చెప్పుము, నాయనా!” అని చెవిలో చెప్పెను. బాలుడు తల యూపెను. ఏలూరు దాటిన పిమ్మట తనిఖీ అధికారి వచ్చి టిక్కెట్లు చూచి, వయస్సు అడుగక, నవ్వుచు “ఏ తరగతి చదువుచున్నావు, బాబూ?” అని అడిగెను. బాలుడు తండ్రి ముఖము వంక చూచెను. ఆ ప్రశ్నకు తండ్రి ఏ సమాధానమును నేర్పియుండలేదు. “ఎనిమిదవ తరగతి అండీ. పదుమూడేండ్లండీ” అని బాలుడు మెల్లగా చెప్పెను.

అధికారి రసీదు పుస్తకము తీసెను. తండ్రి మాటాడక కొడుకు పుస్తకములకని దాచిన సొమ్ములోనుండి తీసి చెల్లించెను. పెట్టెలోనివారందఱును చూచుచుండిరి. అధికారి పోయిన పిమ్మట బాలుడు కన్నీరు పెట్టుకొని, “నాన్నా! నేను చెప్పకుండ నుండవలసినదా?” అని అడిగెను. తండ్రి కొంతసేపు కిటికీ వంక చూచి, “నీవు చెప్పవలసినదే చెప్పితివి. నేను నీకు చెప్పరానిది చెప్పితిని” అనెను. పుస్తకములు ఒక నెల ఆలస్యముగా వచ్చినవి. కాని ఆ నాటినుండి ఆ యింట అర టిక్కెట్టు మాట పుట్టలేదు. పట్టుబడుటవలన సొమ్ము పోవును. దానికంటె ఎక్కువగా, బిడ్డ యెదుట తండ్రి మాటకుండు విలువ పోవును. ఆ తండ్రి తన తప్పు నొప్పుకొని దానిని నిలుపుకొనెను.

టిక్కెట్టు చేతనున్నవాని బలమెట్టిదో గాంధీమహాత్ముని చరిత్ర తెలుపుచున్నది. 1893లో ఆయన దక్షిణాఫ్రికాలో మొదటి తరగతి టిక్కెట్టుతో డర్బను నగరమునుండి ప్రిటోరియాకు పోవుచుండగా, పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో అధికారులు ఆయనను వేఱొక పెట్టెకు పొమ్మనిరి. కారణము ఆయన దేహవర్ణమే. తనకు మొదటి తరగతి టిక్కెట్టు కలదనియు, తానై దిగననియు ఆయన చెప్పెను. పోలీసువాడు ఆయనను బలవంతముగా దింపివైచెను. ఆ రాత్రి చలిలో విశ్రాంతిగదియందు కూర్చుండి, పాఱిపోవుటయా, నిలిచి పోరాడుటయా అని ఆయన ఆలోచించి, నిలుచుటయే ధర్మమని నిశ్చయించుకొనెను. ఆయన చేత టిక్కెట్టు లేకున్నచో ఆ అవమానమునకు అధికారులు ఒక సాకు చెప్పుకొనియుందురు. టిక్కెట్టు కలదు గనుక అన్యాయము అన్యాయముగనే లోకమునకు కనబడెను.

1915లో స్వదేశమునకు వచ్చిన పిమ్మట గాంధీజీ మూడవ తరగతిలోనే విరివిగా ప్రయాణము చేసి, అందలి ఇక్కట్టులను గూర్చి 1917లో పత్రికలకు లేఖ వ్రాసెను. మూడవ తరగతి 1974లో రద్దయ్యెను. పెట్టెలు మురికిగా నున్నవనియు, నీరు రాదనియు, బండి ఆలస్యమనియు నేడు కూడ ప్రయాణికులు చెప్పుకొనుచునే యున్నారు. చెప్పుకొనవలసినదే. రైల్వేలు ప్రజల సొత్తు. వానిని ప్రశ్నించు అధికారము ప్రజలకు గలదు. కాని ప్రశ్నించుటకు లేచి నిలుచున్నవానిని “నీ టిక్కెట్టేది?” అని ఎవరైన అడిగినచో, చేయి సంకోచము లేక జేబులోనికి పోగలుగవలయును.