3 మిల్లీమీటర్ల పొడిలో ఒక కొలువు

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలకు వాకిన్ ఇంటర్వ్యూలకు వెళ్లే కెమిస్ట్రీ గ్రాడ్యుయేట్‌ను "బెంజోయిక్ యాసిడ్ మెల్టింగ్ పాయింట్ ఎంత?" అని అడిగి చూడండి. తడుముకోకుండా 122 అంటారు. "వేడి నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున పెంచారు?" అనగానే నీళ్లు నములుతారు. కారణం అందరికీ తెలిసిందే. ప్రాక్టికల్స్‌లో పుస్తకంలో అంకె ముందే చూసుకుని, మంట పెద్దది చేసి, పొడి కరిగీ కరగకముందే రికార్డులో 122 అని రాసేస్తాం. నేనూ అలాగే రాశాను. మార్కులు పడ్డాయి, ప్రయోగం మాత్రం రాలేదు.

అదే ప్రయోగాన్ని సక్రమంగా చేయగలిగితే జీతమిచ్చే చోట్లున్నాయి. ప్రతి రసాయనం వెంట వెళ్లే సేఫ్టీ డేటా షీట్‌లో 16 విభాగాలుంటాయి. తొమ్మిదో విభాగంలో ద్రవీభవన స్థానం రాయాలి. యూరప్‌లో 2007 నుంచి అమల్లో ఉన్న రీచ్ చట్టం కింద ఏడాదికి టన్ను, ఆపైన తయారుచేసే లేదా దిగుమతి చేసుకునే పదార్థాన్ని నమోదు చేయాలన్నా ఈ వివరం అడుగుతారు.

ఈ ఒక్క అంకెకు అంత పట్టింపు ఎందుకో ఫినాల్‌ను చూస్తే తెలుస్తుంది. అది సుమారు 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. జనవరిలో డ్రమ్ములో గడ్డకట్టి ఉన్న సరుకు, మే నెలలో రామగుండం ఎండకు కాగిన రేకుల షెడ్డులో నీరైపోవచ్చు. గడ్డగా ఉన్నది ఒలికితే పారతో ఎత్తుకోవచ్చు. ద్రవమైతే చిట్లిన డ్రమ్ములోంచి పాకుతుంది, బట్టల్లోంచి ఇంకి చర్మాన్ని కాలుస్తుంది, చర్మం గుండా ఒంట్లోకి చేరి ప్రాణం మీదికి తెస్తుంది. సరుకు అదే, ప్రమాదం తీరు వేరు. ఫినాల్‌లో కొంత నీరు కలిస్తే ఆ ఎండ కూడా అక్కర్లేదు, మామూలు గది వేడికే ద్రవంగా ఉంటుంది.

యాక్రిలిక్ యాసిడ్‌ది తిరగేసిన కథ. సుమారు 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. తనంతట తాను పాలిమర్‌గా మారకుండా అందులో కలిపే నిరోధకం, గడ్డకట్టేటప్పుడు స్ఫటికాల్లో ఇమడకుండా మిగిలిన ద్రవంలోకి వెళ్లిపోతుంది. తెలియనివారు గడ్డ కరిగించాలని నేరుగా ఆవిరి పట్టించారనుకోండి, నిరోధకం లేని భాగం అదుపు తప్పి పాలిమరైజ్ అవుతుంది. ట్యాంకే పేలవచ్చు.

నీళ్లలో ద్రావణీయతను అంచనా వేసే యాల్కోవ్‌స్కీ సమీకరణంలోనూ ఈ అంకె ఉంది. మిగతావి మారకుండా ద్రవీభవన స్థానం 100 డిగ్రీలు ఎక్కువుంటే ద్రావణీయత పది రెట్లు తక్కువని దాని లెక్క. చెరువులో కలిసే రసాయనం ఎంత కరుగుతుందన్న అంచనా కూడా మీరు క్యాపిలరీలో చూసినదానిపై ఆధారపడుతుందన్నమాట.

ఇక చేసే పద్ధతి. ప్రయోగశాలలు అనుసరించేది ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) మార్గదర్శకం నంబరు 102. పొడిని ఆరబెట్టి, మెత్తగా నూరి, ఒక కొన మూసిన సన్నటి క్యాపిలరీలో సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తున గట్టిగా దిగేలా తట్టాలి. కరుగుతుందనుకున్న వేడికి 10 డిగ్రీల ఇవతల దాకా కొంచెం వేగంగా వెళ్లొచ్చు. అక్కడి నుంచి నిమిషానికి ఒక్క డిగ్రీ మించకూడదు. కళ్లు ఆర్పకుండా చూడాల్సింది ఇప్పుడే. ముందు గాజు గోడకు సన్నటి బిందువులు అంటుకుంటాయి. తర్వాత పొడి కుంచించుకుని గోడకూ దానికీ మధ్య సందు వస్తుంది. ఆ దిమ్మ కిందికి కూలుతుంది, పైన ద్రవం మట్టం ఏర్పడుతుంది, చివరికి ఒక్క రేణువూ మిగలదు. ఏ దశ ఏ వేడి దగ్గర వచ్చిందో రాసుకోవాలి. సాధారణంగా మలినం ఉంటే కరగడం ముందే మొదలై, ఎక్కువ డిగ్రీల మేర సాగుతుంది. ఈ తేడాను పట్టుకునే కన్ను బీఎస్సీ వారికైనా, ఎంఎస్సీ వారికైనా సాధనతోనే వస్తుంది.

కొన్ని పదార్థాలు కరుగుతూనే విడిపోతాయి. ఆస్పిరిన్‌ను నెమ్మదిగా వేడిచేస్తే ఒక అంకె, వేగంగా చేస్తే అంతకంటే పెద్ద అంకె వస్తాయి. అలాంటప్పుడు డీఎస్‌సీ కావాలి. కంగారు పడకండి, ఇది టీచర్ పోస్టుల నోటిఫికేషన్ కాదు, డిఫరెన్షియల్ స్కానింగ్ క్యాలరిమెట్రీ. పదార్థం కరిగేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది. విడిపోతూ వేడిని వెళ్లగక్కితే గ్రాఫు ఎదురు దిశకు తిరుగుతుంది. ఈ మలుపు కరిగిన వెంటనే వస్తే, ఆ పదార్థాన్ని రియాక్టర్‌లో కరిగించే ఆలోచన మానుకోమని చెప్పే మనిషి కావాలి. ఆ పనే ప్రాసెస్ సేఫ్టీ. కెమికల్ ఇంజినీరింగ్ చదివినవారికి, భౌతిక రసాయనశాస్త్రం ఇష్టంగా చదివిన ఎంఎస్సీలకు నప్పుతుంది. నా మటుకు నాకు ఈ రంగం మొత్తంలో మెదడుకు ఎక్కువ పని ఇదే అనిపిస్తుంది.

రాతపని ఇష్టపడేవారికి సేఫ్టీ డేటా షీట్లు తయారుచేసే రెగ్యులేటరీ విభాగాలున్నాయి. ఇంకో దారి జీఎల్‌పీ (గుడ్ లేబొరేటరీ ప్రాక్టీస్) ప్రయోగశాలలు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద జాతీయ పర్యవేక్షణ సంస్థ వీటిని తనిఖీ చేస్తుంది. 2011లో భారత్ ఓఈసీడీ పరస్పర అంగీకార ఒప్పందంలో పూర్తి భాగస్వామి అయ్యింది కాబట్టి ఇక్కడి జీఎల్‌పీ ఫలితాన్ని ఆ ఒప్పందంలోని దేశాలు మళ్లీ పరీక్ష అడగకుండా తీసుకుంటాయి. అందుకే కట్టుదిట్టాలూ ఎక్కువే. చిత్తుకాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కిస్తానంటే కుదరదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, కారణం, సంతకం, తేదీ వేయాలి. దిద్దుడు ద్రవం పూస్తే ఆడిటర్‌కు దొరికిపోయినట్టే.

ఇంటర్వ్యూకు ముందు మీ కాలేజీ ల్యాబ్‌లో ఒక పూట అడిగి తీసుకోండి. యూరియా, సినమిక్ యాసిడ్ రెండూ 133 దగ్గరే కరుగుతాయి. విడివిడిగా చూసి, తర్వాత రెంటినీ సమంగా కలిపి నూరి మళ్లీ చూడండి. మిశ్రమం చాలా ముందే కరిగిపోతుంది. ఆ మూడు క్యాపిలరీల్లో కంటికి కనిపించిన ప్రతిదాన్నీ డిగ్రీలతో సహా నోట్‌బుక్‌లో రాసి, వాకిన్‌కు వెంట తీసుకెళ్లండి. బోర్డులో అనుభవమున్నవారుంటే పేజీ తిప్పి, తలెత్తకుండానే తర్వాతి ప్రశ్న వేస్తారు: "థర్మామీటర్ ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు?"