మంట ఉందని యంత్రానికి ఎలా తెలుస్తుంది?

గ్యాస్ గీజరు ఉన్న ఇంట్లో వేడినీళ్ల కుళాయి తిప్పినప్పుడు ఏం జరుగుతుందో గమనించారా? టకటకమని నిప్పురవ్వలు ఎగురుతాయి, భగ్గున మంట లేస్తుంది, వెంటనే టకటక ఆగిపోతుంది. అగ్గిపుల్ల గీసినవాడు లేడు, మంట అంటుకుందని చెప్పినవాడూ లేడు. మరి రవ్వలు ఆపాలని ఆ పెట్టెకు ఎలా తెలిసింది?

ఇది వట్టి కుతూహలం కొద్దీ వేసే ప్రశ్న కాదు. మంట అంటుకోకుండా గ్యాసు వస్తూనే ఉంటే ఏమవుతుందో లెక్క వేయండి. గాలిలో వంటగ్యాసు నూటికి సుమారు 2 పాళ్లు కలిస్తే చాలు, ఒక్క రవ్వతో పేలుతుంది. అంటే 6 ఘనపు మీటర్ల చిన్న గదికి 120 లీటర్ల గ్యాసు సరిపోతుంది. పైగా ఇది గాలికంటె బరువైనది. నేలబారున పేరుకుంటుంది గనుక అంత కూడా అక్కరలేదు.

కుళాయి తిప్పగానే నీటి ఒత్తిడికి లోపలి రబ్బరు పొర కదిలి ఒక స్విచ్చిని నొక్కుతుంది. రెండు టార్చిలైటు బ్యాటరీలతో నడిచే చిన్న సర్క్యూటు పనిలోకి దిగుతుంది. కొన్ని వేల వోల్టుల రవ్వలు పుట్టిస్తుంది, విద్యుదయస్కాంతంతో పనిచేసే కవాటాన్ని తెరిచి గ్యాసును వదులుతుంది. కొద్ది సెకన్లలో మంట కనబడకపోతే కవాటం మూసుకుంటుంది. 'కనబడకపోతే' అన్నాం గాని, దానికి కళ్లు లేవు. మంట తగిలేలా బర్నరు పక్కన అమర్చిన ఒక సన్నని లోహపు కడ్డీ ఉంది. కిటుకంతా అందులోనే.

మంట గుండా విద్యుత్తు పారుతుంది! మీ బడి ప్రయోగశాలలో బంగారు రేకుల విద్యుద్దర్శినికి ఆవేశమిచ్చి, దగ్గరకు అగ్గిపుల్ల మంట తెండి. విచ్చుకున్న రేకులు ముడుచుకుంటాయి. గ్యాసు మండేటప్పటి రసాయన చర్యల్లో కొన్ని ఎలక్ట్రాన్లు విడివడి, ధనావేశం గల అయానులు మిగులుతాయి. ఆవేశాన్ని మోసుకుపోయేవి ఇవే.

అయితే కడ్డీకీ బర్నరుకూ మధ్య విద్యుత్తు పారినంత మాత్రాన మంట ఉన్నట్టేనా? కడ్డీ వంగి బర్నరును తాకినా పారుతుంది, తడి చేరినా పారుతుంది. యంత్రం అక్కడ మోసపోతే గ్యాసు తెరిచే ఉంటుంది. దీనికి ఇంజనీర్లు చేసిన ఉపాయం చాలా అందమైనది. వారు కడ్డీకి ఏకాంతర విద్యుత్తు, అంటే మాటిమాటికీ దిశ మార్చుకునే విద్యుత్తు ఇచ్చారు. కడ్డీ ధనధ్రువమైనప్పుడు తేలికైన ఎలక్ట్రాన్లు దాని మీదికి దూకుతాయి, అయానులు బర్నరు వైపు పోతాయి. బర్నరు వైశాల్యం పెద్దది గనుక వాటిని ధారాళంగా అందుకుంటుంది. దిశ మారినప్పుడో? అయానులు కడ్డీ వైపు రావాలి. మంటలోని ముఖ్యమైన అయాను ఎలక్ట్రాను కంటె సుమారు 35 వేల రెట్లు బరువు, నడక నెమ్మది. సన్నని కడ్డీకి అందేవి కొన్నే. కాబట్టి ప్రవాహం ఒక దిశలో ఎక్కువ, రెండో దిశలో అతి స్వల్పం. డయోడు చేసే ఏకధిక్కరణం పనిని ఇక్కడ మంటే చేసింది! తడి గాని, లోహపు తాకిడి గాని రెండు దిశల్లోనూ సమానంగా పారనిస్తాయి. తెగిన తీగ అసలే పారనివ్వదు. అవి యంత్రాన్ని మోసగించలేవు.

కొన్ని గ్యాసు పొయ్యిలలో దీనికి బదులు ఉష్ణయుగ్మం ఉంటుంది. రెండు లోహాల అతుకును వేడిచేస్తే విద్యుత్తు పుడుతుందని 1821లో సీబెక్ కనిపెట్టిన సూత్రమే దానికి ఆధారం. మంచిదే గాని, మంట ఆరాక అది చల్లారేదాకా కవాటం తెరిచే ఉంటుంది. కడ్డీకి ఆ ఆలస్యం లేదు.

కడ్డీలో పారేది కొద్ది మైక్రో ఆంపియర్లే. 0.3 ఆంపియర్లు తీసుకునే టార్చి బల్బుతో పోలిస్తే 3 మైక్రో ఆంపియర్లు లక్షో వంతు. అందుకే చిన్న అడ్డంకికే ఆగిపోతుంది. గీజరు మొరాయిస్తే ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడాలి. రవ్వలే రాకపోతే బ్యాటరీలో, నీటి ఒత్తిడో అనుమానించండి. రవ్వలు వచ్చి మంట లేవకపోతే సిలిండరు చూడండి. మంట చక్కగా లేచి కొద్ది సెకన్లకే ఆరిపోతుంటే, చాలాసార్లు తప్పు కడ్డీది. దాని మీద మసి, దుమ్ము కాలి పొరలా పట్టి ఉంటుంది. మెకానిక్కు గ్యాసు కట్టేసి, బ్యాటరీలు తీసి, కడ్డీని నునుపైన ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దుతాడు. అయినా ఆరిపోతుంటే కడ్డీ మంటకు ఎడంగా వంగిందేమో, పింగాణీ తొడుగు పగిలిందేమో, బర్నరు నుంచి సర్క్యూటుకు పోయే తీగ వదులైందేమో చూస్తాడు. కవాటాన్ని తెరిచే ఉంచేలా తీగలు కలిపేసి 'బాగుచేశా'నంటే మాత్రం ఒప్పుకోకండి.

ఈ కడ్డీకి తెలియనిదీ ఒకటుంది. మూసిన గదిలో ప్రాణవాయువు తగ్గితే గ్యాసు సరిగా మండక, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అప్పుడూ మంట ఉంటుంది, కడ్డీలో విద్యుత్తూ పారుతుంది, కవాటం తెరిచే ఉంటుంది. అందుకే గ్యాస్ గీజరును స్నానాలగది బయట, గాలి ఆడే చోట గోడకు బిగించి, వేడినీళ్లు మాత్రమే గొట్టంతో లోపలికి తేవాలి.