ప్రమాదపు పందెము – చూచువాని బాధ్యత

పాఠ్యభాగములు: 2 సమూయేలు 2:12-23, 2 సమూయేలు 23:13-17, నిర్గమకాండము 21:28-29, మత్తయి 4:5-7, హెబ్రీయులకు 12:1-2

ఈ దినములలో అనేక క్రైస్తవ గృహములలో సాయంకాలపు భోజనమునకును కుటుంబ ప్రార్థనకును నడుమ టెలివిజన్ తెర వెలుగుచుండును. ఆ తెరమీద వచ్చు నాటకములలో ప్రమాదకరమైన మోటారు పందెము మిక్కిలి ఆకర్షణగల ఘట్టము. కొండమలుపున కారు జారును. చూచువారు ఊపిరి బిగబట్టుదురు. చిన్నపిల్లలు కేకలు వేయుదురు. కొంతసేపటికి కథ ముగిసి తెర ఆరిపోవును. ఇంటిలో ఎవరికిని గాయము తగులలేదు గనుక, ఇందులో విశ్వాసి విచారింపవలసినది ఏమున్నదని కొందరు అడుగుదురు. వాక్యము ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమియ్యకపోలేదు. అయితే మొదట, నాటకముగా చూపబడు సంగతి వెనుకనున్న నిజమైన సంగతిని తెలిసికొనుట మంచిది.

1. జరిగిన సంగతి

2023వ సంవత్సరములో విడుదలైన ‘ఫెరారీ’ అను చలనచిత్రములో ఇటలీ దేశపు ‘మిల్లె మీల్యా’ అను రహదారి పందెము చూపబడినది. ఆ పేరునకు వెయ్యి మైళ్లు అని అర్థము. 1927లో ఆరంభమైన ఈ పందెము బ్రెషియా పట్టణమున మొదలై, రోమా నగరమువరకు వెళ్లి, మరల బ్రెషియాకు చేరెడిది. దూరము సుమారు 1,600 కిలోమీటర్లు. దీనికి ప్రత్యేకమైన మైదానము లేదు. ప్రజలు ప్రతిదినము నడచు రోడ్లే, గ్రామములగుండ పోవు వీధులే పందెపు బాట. జనులు లక్షలకొలదిగా రోడ్డు అంచుననే నిలిచి చూచెడివారు. 1955లో స్టిర్లింగ్ మాస్ అను ఆంగ్లేయుడు 10 గంటల 7 నిమిషముల 48 సెకనులలో ఈ దూరమును ముగించెను. సగటున గంటకు 157 కిలోమీటర్లకు పైబడిన వేగమది.

1957 మే 12వ తేదీన, పందెము ముగింపునకు సమీపించిన సమయమున, గ్విదిజ్జోలో గ్రామమునకు చేరువలో అల్ఫోన్సో దె పోర్తాగో అను స్పెయిను దేశస్థుడు నడుపుచున్న ఫెరారీ కారు టైరు పగిలెను. కారు అదుపు తప్పి చూపరులమీదికి పోయెను. నడుపువాడును, అతని ప్రక్కన కూర్చున్న ఎడ్మండ్ నెల్సనును, రోడ్డు ప్రక్కన నిలిచియున్న తొమ్మండుగురును మరణించిరి. ఆ తొమ్మండుగురిలో అయిదుగురు పిల్లలు. ఆ పిల్లలు ఏ పందెములోను చేరలేదు. చూచుటకు మాత్రమే వచ్చిరి.

ఇది ముందుగా ఎవరును ఊహింపజాలని సంగతి కాదు. 1938లో ఇదే పందెములో బొలోన్యా పట్టణమునందు ఒక కారు జనులమీదికి పోగా పిల్లలతోకూడ పలువురు మరణించిరి. అప్పుడు పందెము నిలుపబడి, కొంతకాలమునకు మరల ఆరంభమాయెను. 1955 జూన్ 11న ఫ్రాన్సు దేశములో లెమాన్ పందెమునందు ఒక కారు జనసమూహములోనికి దూసికొనిపోగా ఎనుబదిమందికి పైగా చూపరులు మరణించిరి. అయినను రెండు సంవత్సరముల తరువాత పిల్లలు మరల రోడ్డు అంచున నిలువబడిరి. గ్విదిజ్జోలో ప్రమాదము తరువాతనే ఇటలీ ప్రభుత్వము రహదారులమీద అట్టి వేగపందెములను నిలిపివేసెను. 1977 మొదలుకొని ఆ పేరుతో జరుగుచున్నది పాతకాలపు కార్ల యాత్ర. అందులో లెక్కింపబడునది నియమిత సమయపాలనయే గాని గొప్ప వేగము కాదు.

2. గిబియోను కొలనునొద్ద ఆట

2 సమూయేలు రెండవ అధ్యాయములో ఒక విచిత్రమైన ఆట కనబడుచున్నది. సౌలు మరణించిన పిమ్మట అబ్నేరు సేనయు యోవాబు సేనయు గిబియోను కొలనునకు ఇరుప్రక్కల కూర్చుండెను. అప్పుడు అబ్నేరు, పడుచువారు లేచి తమ యెదుట ఆడవచ్చునని పలికెను. యోవాబు సరేయనెను. ఇరుప్రక్కలనుండి పన్నిద్దరేసి లేచిరి. ఒక్కొక్కడు తన యెదుటివాని తల పట్టుకొని ప్రక్కలో కత్తి పొడువగా ఇరువది నలుగురును ఒక్కసారిగా కూలిరి.

ఇక్కడ గమనింపవలసిన సంగతులు రెండు. మొదటిది, ఆటను తలపెట్టిన ఇద్దరు అధిపతులును ఆటలో దిగలేదు. వారు కూర్చున్నచోటనే కూర్చుండిరి, లేచినవారు పడుచువారు. రెండవది, ఆట యనబడినది ఆటగా ముగియలేదు. ఆ దినమున ఘోరమైన యుద్ధము జరిగెను. ఆ దినపు రక్తము యోవాబు అబ్నేరును చంపువరకు చల్లారలేదు (3:27, 30). ఒకరి ప్రాణము మరియొకరికి వినోదమైనచోట ఎట్టి ఫలము పుట్టునో లేఖనము దాచలేదు.

3. తిరుగనొల్లని వేగము

ఆ దినముననే అశాహేలు మరణించెను. యోవాబు సహోదరుడైన ఇతడు పాదవేగమునందు అడవిలేడికి సాటియైనవాడు. అతడు అబ్నేరును తరుముచు కుడికిగాని యెడమకుగాని తిరుగలేదు. అబ్నేరు అతనిని రెండుసార్లు హెచ్చరించెను; తొలగిపొమ్మని బతిమాలెను. అశాహేలు వినలేదు. తుదకు అబ్నేరు ఈటె మడమతో పొడువగా అతడు అక్కడనే పడి చనిపోయెను.

అశాహేలు పిరికివాడు కాడు, దుష్టుడును కాడు. దావీదు పరాక్రమశాలుల పట్టికలో అతని పేరున్నది (23:24). అతనికి దేవుడిచ్చిన వరమే వేగము. అయితే హెచ్చరికను వినలేని వేగము వానిని చంపినది. వడిగలవాడు ఎల్లప్పుడు గెలువడని ప్రసంగి చెప్పిన మాటయు (9:11), తొందరపడు పాదములను గూర్చి సామెతలు చెప్పిన మాటయు (19:2) ఇక్కడ కన్నులకు కట్టినట్లున్నవి. అశాహేలు పడినచోటికి వచ్చిన వారందరు నిలువబడిపోయిరని గ్రంథకర్త వ్రాసెను. ఒక యౌవనుని శవమునొద్ద నిలువబడిపోయిన ఆ జనులవలెనే నేడు రోడ్డు ప్రమాదస్థలములలో తలిదండ్రులు నిలువబడుచున్నారు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో భారతదేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా మితిమీరిన వేగమువలన జరిగిన ప్రమాదములలో మరణించినవారే.

4. పొడుచు అలవాటుగల ఎద్దు

నిర్గమకాండము 21వ అధ్యాయములో ఎద్దును గూర్చిన విధి యొకటి కలదు. ఎద్దు ఎవనినైన పొడిచి చంపినయెడల ఆ యెద్దును చంపవలెను, యజమానుడు నిర్దోషి. అయితే ఆ యెద్దు అంతకుముందే పొడుచునదని యజమానునికి తెలియజేయబడియు, అతడు దానిని కట్టడి చేయనియెడల, యజమానుడును దోషియగును. మొదటిసారి జరిగినది ప్రమాదము. తెలిసిన తరువాత జరిగినదానికి మాత్రము ఉత్తరవాది ఉన్నాడు. ద్వితీయోపదేశకాండము 22:8లోని పిట్టగోడ విధియు ఇట్టిదే: తన యింటి మీదనుండి ఇతరుడు పడకుండ గోడ కట్టుట యింటివాని పని.

గ్విదిజ్జోలో ప్రమాదము తరువాత కార్ల కర్మాగారపు అధిపతియైన ఎంజో ఫెరారీమీద ఇటలీ న్యాయస్థానములో అభియోగము మోపబడెను. 1961లో అతడు నిర్దోషియని విడువబడెను. ఆ న్యాయస్థానపు తీర్పును తిరిగి విచారించుట ఈ పాఠపు పని కాదు. అయితే బొలోన్యాలో పొడిచిన యెద్దు మరల వీధిలోనికి ఎట్లు వచ్చెనను ప్రశ్న ఒక్క మనుష్యునికి చెందినది కాదు. పందెము నడిపినవారు, అనుమతించిన అధికారులు, వార్తలు వ్రాసినవారు, బిడ్డలను భుజములమీద ఎత్తుకొని చూపించినవారు, వీరందరికిని ఆ యెద్దు తెలిసినదే.

ఈ విధి భారతదేశపు చట్టములోను ఒక విధముగా కనబడుచున్నది. 1988 మోటారు వాహనముల చట్టపు 189వ సెక్షను ప్రకారము ప్రభుత్వపు లిఖితపూర్వక అనుమతి లేక బహిరంగ స్థలములో వాహనపందెము నడుపుట నేరము. 2019లో చేర్చబడిన 199ఎ సెక్షను ప్రకారము మైనరు బాలుడు వాహనముతో నేరము చేసినయెడల అతని సంరక్షకుడుగాని వాహనపు యజమానుడుగాని దోషిగా ఎంచబడును. తనకు తెలియదనిగాని, ఆపుటకు తగిన జాగ్రత్త తీసికొంటిననిగాని రుజువు చేయలేనియెడల మూడు సంవత్సరములవరకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయు కలుగును. పదవ తరగతిలో ఉత్తీర్ణుడైనందుకు కుమారునికి మోటారు సైకిలు తాళము చేతికిచ్చి, “మా వాడు గాలివలె నడుపును” అని సంఘములో అతిశయించు తండ్రి, మోషే ధర్మశాస్త్రములోని ఆ యజమానుని ఒకసారి జ్ఞాపకము చేసికొనవలెను.

5. దావీదు పారబోసిన నీళ్లు

ఇక చూచువాని సంగతి. అతడు ఎవనిని పందెమునకు పంపలేదు గదా! ఈ ప్రశ్నకు 2 సమూయేలు 23వ అధ్యాయము ప్రత్యుత్తరము. కోతకాలమున దావీదు అదుల్లాము గుహలో నుండెను. ఫిలిష్తీయుల దండు బేత్లెహేములో నుండెను. అప్పుడు దావీదు తన ఊరి గవినియొద్దనున్న బావినీళ్లకు ఆశపడి, ఎవడైనను తెచ్చి యిచ్చిన ఎంత బాగుండునని పలికెను. అది ఆజ్ఞ కాదు. ఒక కోరిక మాత్రమే. అయినను ముగ్గురు పరాక్రమశాలులు శత్రువుల దండును చీల్చుకొనిపోయి నీళ్లు తెచ్చిరి.

దావీదు వాటిని త్రాగలేదు. యెహోవా సన్నిధిని పారబోసెను. ప్రాణమునకు తెగించి పోయినవారి రక్తముగా ఆ నీళ్లు అతనికి కనబడెను. ఆ ముగ్గురును క్షేమముగా తిరిగివచ్చిరి గదా, త్రాగిన తప్పేమి యని అతడు తలంపలేదు. గాయము తగులలేదనుట అతనికి చాలలేదు. తన కోరికయే వారిని ఆ త్రోవను నడిపించెనని అతడు గ్రహించెను.

గిబియోనులో కూర్చుండి చూచిన అధిపతులకును అదుల్లాములో నీళ్లు పారబోసిన దావీదునకును భేదమిదే. చూపరుల కోరిక ఒక్కొక్కటి చిన్నది; అవి కోట్లుగా కూడినప్పుడు దానికొరకు డబ్బు పెట్టువారును, ప్రాణము పెట్టువారును లేతురు. నాటకములో నటించువారికి నిజమైన అపాయము లేకపోవచ్చును. అట్టి కథను చూచుట యంతయు పాపమని లేఖనము చెప్పలేదు. తన కార్యములకు ఫలమేమో చూపించు కథ మేలు చేయును. అయితే కారు పడిపోవు క్షణముకొరకే కన్నులు కాచుకొనియుండినయెడల, ఆ ఆశ ఎక్కడ పుట్టినదో విశ్వాసి పరీక్షించుకొనవలెను. నేడు బాలురు తమ చేతి ఫోనులలో సాహసకృత్యములు తీసి పంపుచున్నారు. వాటిని చూచి మెచ్చుకొను ప్రతి గుర్తును బేత్లెహేము నీళ్లకొరకైన ఒక కోరికయే. ఆ పాత్రను పారబోయుటకు దావీదునకున్న ధైర్యము కావలెను.

6. తెగింపు యెప్పుడు తగును?

ప్రాణమునకు తెగించుట యంతయు తప్పని యెంచరాదు. ఎపఫ్రొదితు క్రీస్తు పనికొరకు ప్రాణమును లెక్కచేయక చావునకు సిద్ధమాయెనని పౌలు అతనిని ఘనపరచుచున్నాడు (ఫిలిప్పీయులకు 2:25-30). వరదలో మునుగువానికొరకు దుముకువాడును, అంటువ్యాధి వార్డులో సేవచేయు నర్సును ఆ వరుసలోని వారే. వారి తెగింపునకు ఒక పొరుగువాడున్నాడు.

సాతాను ప్రభువును దేవాలయ శిఖరముమీదికి తీసికొనిపోయి క్రిందికి దుముకుమనెను. క్రింద రక్షింపబడవలసినవాడెవడును లేడు. దూతలు పట్టుకొందురని వచనమును చూపించెను. ప్రభువు దానిని దేవుని శోధించుటగా ఎంచి నిరాకరించెను. అదే ప్రభువు తరువాత సిలువకు వెనుదీయలేదు. ఆయన అక్కరలేని యెత్తునుండి దుమకలేదు. అవసరమైన మరణమునుండి తప్పించుకొనలేదు. యౌవనులకు ఈ భేదమును బోధించుట సంఘపు బాధ్యత. వారి ధైర్యమును చల్లార్చుట కాక, దానికి తగిన పనిని చూపవలెను.

7. యెదుట ఉంచబడిన పందెము

హెబ్రీ పత్రికలో విశ్వాసియెదుట ఒక పందెము ఉంచబడియున్నది. దానికి కావలసినది ఓపిక. భారమును విడుచుట, యేసువైపు చూచుట, ఇవి దాని నియమములు. దానిని చుట్టుకొనియున్న సాక్షులు వినోదముకొరకు వచ్చినవారు కారు. తాము ఆ బాటను పరుగెత్తి ముగించినవారు. ఈ పందెములో ఒకని గెలుపునకు మరియొకడు పడిపోనక్కరలేదు. పడినవానిని లేవనెత్తుటకు నిలిచినవాడు వెనుకబడడు.

1957లో మిల్లె మీల్యా పందెమును గెలిచిన పియెరో తరూఫీ, గెలిచినయెడల మానివేసెదనని తన భార్యకు మాట యిచ్చియుండెను. అప్పటికి అతనికి ఏబది సంవత్సరములు. గెలిచెను, మాట నిలుపుకొని పందెములనుండి తొలగెను. అశాహేలు వినని మాటను అతడు వినెను. తమకొరకు ఇంటియొద్ద కనిపెట్టుచున్నవారి మాట విని వేగమును తగ్గించుటయు దేవునియెదుట ఒక విధేయతయే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. అబ్నేరు, యోవాబు, దావీదు: ఈ ముగ్గురిలో చూపరిగా నేటి క్రైస్తవుడు ఎవనిని పోలియున్నాడు?

2. పొడుచునని తెలిసియు కట్టడి చేయని “ఎద్దు” ఇంటిలోగాని సంఘములోగాని ఏదైన కలదా?

3. ఎపఫ్రొదితు తెగింపునకును, దేవాలయ శిఖరమునొద్దనైన శోధనకును గల భేదమును బాలబాలికలకు ఏ యుదాహరణతో చెప్పవచ్చును?

4. ఈ వారములో కుటుంబముగా పారబోయవలసిన “బేత్లెహేము నీళ్లు” ఏవి?